ఒక్క పువ్వులో ఊరంత సంసారం!

గొబ్బెమ్మ తలమీద బంతి, అమ్మ జడలో చామంతి, చేనుగట్టున ఎవరూ పట్టించుకోని గడ్డిచామంతి... చూడ్డానికి ఒక్కోటి ఒక్కో పువ్వు. విప్పి చూస్తే ఒక్కోటీ పదుల, వందల పూలు కలిసి చేసే కాపురం. ఆ కాపురం గుట్టు తెలిస్తే పొద్దుతిరుగుడు గింజ ఎందుకు తాలుపోతుందో తెలుస్తుంది. లెక్కల మాస్టారికీ, తెలుగు మాస్టారికీ ఉన్న చుట్టరికమూ తెలుస్తుంది.

బంతిపువ్వులో ఎన్ని పూలుంటాయి?

ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి. ‘ఇదేం ప్రశ్న... ఒకటే కదా’ అంటారు. అప్పుడు బంతిపువ్వులోంచి ఒక్క రేకు మెల్లగా లాగి వాళ్ల అరచేతిలో పెట్టండి. పైన పసుపు రేకు, కింద సన్నగా పుల్లలాంటి కాడ. ఆ కాడే అండాశయం. రేపు గింజ అయ్యేది అదే. అంటే మనం రేకు అనుకుంటున్నది రేకు కాదు, ఓ పూర్తి పువ్వు! పెళ్లి ఊరేగింపులో గుప్పెడు బంతిరేకులు చల్లామంటే గుప్పెడు పూలు చల్లినట్టే.

బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, జెర్బరా... ఇవన్నీ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రంలో ఆ ఇంటిపేరు ఆస్టరేసి. పాత పేరు కంపోజిటే. భూమ్మీద పూసే మొక్కల్లో దాదాపు పదింట ఒకటి ఈ ఇంటిదే. ముప్ఫైరెండువేలకు పైగా జాతులతో, సంఖ్యలో ఆర్కిడ్‌లతో పోటీపడే కుటుంబమిది. ఇంత పెద్ద సంసారం ఇన్ని దేశాల్లో నిలదొక్కుకోవడం వెనక ఆ ‘పూలగుత్తి పువ్వు’ ఏర్పాటుకి పెద్ద వాటా ఉందంటారు శాస్త్రవేత్తలు.

అల్లూరు గట్లమీద పాఠం

నెల్లూరు జిల్లా అల్లూరు పేరు చెబితే మొదట గుర్తొచ్చేది వరి. ఒకపక్క చేలు, చెరువు, కాలువలు. ఇంకోపక్క ఇసకపల్లి దగ్గర బంగాళాఖాతం. ఈ కుటుంబాన్ని చదవడానికి ఇలాంటి చోటుని మించిన బడి లేదు. పుస్తకం అక్కర్లేదు, వంగి చూస్తే చాలు.

దారి పక్కన గడ్డిచామంతి. పలకలు తుడవడానికి పిల్లలు దీని ఆకు వాడేవారు. తెగిన చోట రసం పిండుతారు కాబట్టి గాయపాకు అనీ అంటారు. కొన్ని ఊళ్లలో దీన్ని రావణాసురుడి తలకాయ అని పిలుస్తారు. ఇంటర్ బైపీసీ పిల్లలకు ఇదే ట్రైడాక్స్. పొడవాటి కాడ చివర ఒక్కటే తల. అంచున అయిదారు తెల్లటి రేకుల్లాంటి పూలు, మధ్యలో పసుపుపచ్చని చిన్న చిన్న గొట్టాలు. అంచు పూలని కిరణ పుష్పకాలనీ, మధ్యవాటిని బింబ పుష్పకాలనీ అంటారు. మొత్తం గుత్తికి పాఠ్యపుస్తకాల్లో పేరు శీర్షవద్విన్యాసం. పేరు నోరు తిరక్కపోయినా అర్థం తేలికే... తలకాయలాంటి పూలగుత్తి.

కాలువ ఒడ్డున తడిలో కనిపించే గుంటగలగర కూడా ఈ ఇంటి పిల్లే. తలనూనెలో వేసి కాచే ఆకు అదే. దాని తెల్లటి పూలు చొక్కా గుండీకన్నా చిన్నవి. అయినా అందులోనూ అంచు పూలు, మధ్య పూలు వేరువేరుగా ఉంటాయి. సహదేవి మొక్క సంగతి మరోలా ఉంటుంది. దానికి అంచున రేకుల పూలే ఉండవు. ఊదారంగు గొట్టాలు మాత్రమే. ఇక సముద్రం ఒడ్డుకి వెళితే, ఇసకలో తీగలా పాకుతూ పసుపుపూలు పూసే లానియా అనే మొక్క ఉంటుంది. దాన్లో గొట్టాలు లేవు. లోపలినుంచి బయటిదాకా అన్నీ రేకుల్లాంటి పూలే. ఒకే కుటుంబం... మూడు రకాల అలంకారం!

అసలు వింత కోతలయ్యాక మళ్లలో పూసే బోడసరం. ఊదారంగులో గుండ్రంగా బఠాణీగింజని గుర్తుచేసే బంతి. చూడ్డానికి ఒక తల. నిజానికి అది చాలా తలలు కలిసి అయిన తల. ఒక్కో చిన్నతలలో మళ్లీ కొన్ని పూలు. ఇళ్లన్నీ కలిసి వీధి, వీధులన్నీ కలిసి ఊరు అయినట్టన్నమాట.

ఎవరి పని వాళ్లది

ఒక పొద్దుతిరుగుడు పువ్వుని పెద్ద ఊరు అనుకోండి. చుట్టూ పచ్చటి ఆకుల్లాంటివి ప్రహరీగోడ. మొగ్గగా ఉన్నప్పుడు లోపలున్నవాళ్లందరికీ కాపలా అదే. వాటి వెనకే పసుపురంగులో మెరిసే కిరణ పుష్పకాలు. వ్యవసాయ శాస్త్రవేత్తలు వీటినే ఆకర్షక పత్రాలంటారు. పొద్దుతిరుగుడులో ఇవి గొడ్డువి, గింజ కట్టవు. దూరాన ఎగిరే తేనెటీగకి ‘భోజనం ఇక్కడే’ అని చెప్పే బోర్డు పనే వాటిది. గింజ కట్టే పని మధ్యలో ఉన్న వందలాది బింబ పుష్పకాలది.

ఒక్కో బింబ పుష్పకం గొట్టంలో అయిదు కేసరాలు అంచులు అతుక్కుని చిన్న గొట్టంగా ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. తర్వాత కిందినుంచి కీలం పెరుగుతూ, పిచికారీలో కడ్డీ నీళ్లని నెట్టినట్టు, పుప్పొడిని పైకి నెడుతుంది. ఈగ వచ్చి అంటించుకుపోతుంది. ఆ తర్వాతే కీలాగ్రం రెండుగా చీలి వేరే మొక్క పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. మొదట మగపాత్ర, తర్వాత ఆడపాత్ర. సొంత పుప్పొడి సొంతానికే అంటకుండా ప్రకృతి చేసిన కట్టుబాటు.

పైగా అందరూ ఒకేరోజు విచ్చుకోరు. అంచు వరుసలు ముందు, ఆనక లోపలివి. రోజుకి కొన్ని వరుసల చొప్పున మధ్యకి చేరేసరికి వారంపైనే పడుతుంది. తేనెటీగ ఒక్కసారి వాలిందంటే నడుస్తూనే పదుల పూలని పలకరించి పోతుంది. విడివిడిగా పూస్తే అన్నిసార్లు ఎగరాలి కదా!

తాలు గింజ చెప్పే కథ

ఈ ఏర్పాటు రైతు జేబుకి నేరుగా సంబంధించినది. పొద్దుతిరుగుడు పువ్వు కోసి చూస్తే అంచున గింజలు నిండుగా ఉండి, మధ్యలో తాలుగా ఉండటం చాలామందికి అనుభవం. కారణం ఆ వరుసక్రమంలోనే ఉంది. మధ్య పూలు ఆఖరున విచ్చుకుంటాయి. అప్పటికి పోషకాలు చాలావరకు అంచు గింజలు తీసేసుకుంటాయి. ఆ రోజుల్లోనే తేనెటీగలు రాకపోతే పుప్పొడీ అందదు. బోరాన్ లోపం ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది.

అందుకే ఆకర్షక పత్రాలు విచ్చుకునే దశలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. తేనెటీగలు తక్కువగా ఉన్నచోట, పూత సమయంలో రోజు విడిచి రోజు ఉదయంపూట మెత్తటి గుడ్డతో పువ్వుల్ని సున్నితంగా రుద్దమంటుంది. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అంటించడమన్నమాట. ఈగ చేయాల్సిన పని రైతు చేత్తో చేయడం. ఈగలు తిరిగే వేళ పురుగుమందు కొట్టకూడదన్న జాగ్రత్తకీ కారణం ఇదే. పూత దశలో ఒక్క ఉదయం కొట్టిన మందు, ఆ రోజు విచ్చుకున్న వరుసల గింజని తినేస్తుంది.

ఇంకో సంగతి... లేత పొద్దుతిరుగుడు మొక్క సూర్యుడితోపాటు తిరుగుతుందిగానీ, పూర్తిగా విచ్చుకున్న పువ్వు తూర్పుకే తిరిగి నిలబడిపోతుంది. ఎందుకని? 2016లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. కుండీలు తిప్పి పువ్వుల్ని పడమటికి పెడితే, తూర్పుకున్న పూలకి వాటికన్నా దాదాపు అయిదురెట్లు ఎక్కువగా ఈగలొచ్చాయి. ఉదయపు ఎండకి పువ్వు త్వరగా వెచ్చబడటమే కిటుకు!

లఘువులు, గురువులు... పువ్వులు

పొద్దుతిరుగుడు తలలో గింజలు సుడులు సుడులుగా ఉంటాయి. కుడికి తిరిగే సుడులు లెక్కపెడితే 34, ఎడమకి తిరిగేవి 55. ఇంకా పెద్ద పువ్వయితే 55, 89. చిన్నపూలలో 13, 21. ముందున్న రెండు అంకెలు కలిపితే తర్వాతది వచ్చే ఈ వరుస 1, 2, 3, 5, 8, 13, 21, 34...

దీనికి ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ పేరు స్థిరపడింది. ఆయన పుస్తకం 1202 నాటిది. కానీ ఈ వరుస అంతకు శతాబ్దాల ముందే మన ఛందశ్శాస్త్రకారులకి తెలుసు. విరహాంకుడు, పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు దీన్ని చెప్పారు. ఎలాగంటారా? లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. మూడు మాత్రలని ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? మూడు లఘువులు, లఘువు-గురువు, గురువు-లఘువు... మూడు రకాలు. నాలుగు మాత్రలకి అయిదు, అయిదు మాత్రలకి ఎనిమిది. అదే వరుస!

మరి పువ్వుకి ఈ లెక్క ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. కొత్త మొగ్గ ప్రతిసారీ పాతవాటికి వీలైనంత ఎడంగా, ఖాళీ ఉన్నచోట మొలుస్తుంది. అలా మొలిస్తే వెనకదానికీ ముందుదానికీ మధ్య సగటున 137.5 డిగ్రీల కోణం వస్తుంది. అదే 90 డిగ్రీలయితే మొగ్గలన్నీ నాలుగు గీతలమీదే పడి మధ్యంతా ఖాళీ మిగిలేది. 137.5 వల్ల ఏ మొగ్గా ఇంకో మొగ్గకి సరిగ్గా వెనక పడదు. స్థలం వృథా కాదు. 1992లో ఇద్దరు ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్తలు డువాడీ, కూడే అయస్కాంత ద్రవపు చుక్కలు ఒకదాన్నొకటి నెట్టుకునేలా చేసి ఇవే సుడులు రప్పించారు. ప్రాణమే లేని చుక్కలు పువ్వులా పేరుకున్నాయన్నమాట.

కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ చివరిరోజుల్లో తలమునకలైంది ఈ సుడుల లెక్కల్లోనే. 1954లో ఆయన మరణంతో ఆ పని సగంలో ఆగింది. ఆయన శతజయంతి సందర్భంగా 2012లో మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం జనాన్ని పొద్దుతిరుగుడు పెంచమని పిలిచింది. అలా వచ్చిన 657 పువ్వుల లెక్కలు 2016లో ప్రచురించారు. ఎక్కువవాటిలో ఫిబొనాచీ అంకెలే. కొన్నిట్లో మాత్రం వేరే లెక్కలు! ప్రకృతి నియమం పాటిస్తూనే అప్పుడప్పుడూ కాస్త పక్కకి జరుగుతుంది మరి.

విశాఖ నుంచి హెల్సింకీ దాకా

ఈ పూలగుత్తుల అధ్యయనంలో మొదటి వరుసలో ఉండే పేరు ఫ్రాన్స్‌కి చెందిన హెన్రీ కాసినీ. శనిగ్రహ వలయాల మధ్య ఖాళీని కనిపెట్టిన ఖగోళ శాస్త్రవేత్త వంశంలో అయిదో తరం. ఇంటిల్లిపాదీ ఆకాశం చూస్తే ఈయన నేల చూశాడు. 1832లో కలరాతో పోయేవరకూ ఈ కుటుంబంమీదే పరిశోధన చేశాడు.

మనవాళ్లూ తక్కువేం కాదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య జె.వెంకటేశ్వర్లు నాయకత్వంలో 1950లలోనే ఈ పూల పిండాభివృద్ధిమీద వరుసగా పరిశోధనలు జరిగాయి. హెచ్.మహేశ్వరీదేవి 1957లో జెర్బరామీద పత్రం ప్రచురించారు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య టి.పుల్లయ్య ఈ కుటుంబపు పిండశాస్త్రంమీద 1984లో ఏకంగా ఓ పుస్తకమే వేశారు. పెళ్లిపందిళ్లలో మనం ఇప్పుడు గుచ్చుతున్న ఆ జెర్బరామీదే ఫిన్లాండ్‌లోని హెల్సింకీ శాస్త్రవేత్తలూ దృష్టి పెట్టారు. తలలో మొదటి మొగ్గలు ఎక్కడ మొలవాలో ఆక్సిన్ అనే హార్మోను ఎలా నిర్ణయిస్తుందో వాళ్లు 2021లో చూపించారు.

ముద్దబంతి రహస్యం కూడా ఇలాంటిదే. రెక్కబంతిలో గొట్టాలుగా ఉండాల్సిన మధ్య పూలు ముద్దబంతిలో రేకులుగా మారిపోతాయి. వాన్‌గో 1888లో గీసిన పొద్దుతిరుగుడు పూలలోనూ కొన్ని ఇలా ముద్దగానే ఉంటాయి. దానికి కారణమైన జన్యుమార్పుని 2012లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుకున్నారు.

మీరూ చూడొచ్చు

ఒక గడ్డిచామంతి తల, ఓ బ్లేడు, ఓ భూతద్దం... అంతే. బ్లేడు పని పెద్దవాళ్లు చూసుకోవాలి. తలని పైనుంచి కాడదాకా నిలువుగా రెండు చెక్కలు చేయండి. కింద పళ్లెంలాంటి పీఠం, దానిమీద బారులు తీరిన గొట్టాలు కనిపిస్తాయి. ఒక గొట్టాన్ని లాగి చూస్తే కింద గింజ, గింజ తలమీద ఈకలాంటి వెంట్రుకలు. ఆ వెంట్రుకలే ఎండాక గొడుగై గింజని గాలిలో తీసుకెళ్తాయి. మనం వొలుచుకుతినే పొద్దుతిరుగుడు ‘గింజ’ కూడా శాస్త్రం ప్రకారం పండే. పొట్టు పండుది, పప్పు విత్తనానిది.

ఒక్క హెచ్చరిక. వయ్యారిభామ జోలికి మాత్రం వెళ్లకండి. అదీ ఈ కుటుంబమే. తెల్లటి చిన్నతలలో గింజ కట్టేవి అంచున ఉన్న అయిదు పూలే. తలకి అయిదు గింజలే అయినా, మొక్కకి వేల తలలు. అందుకే పొలాలకి పొలాలు ఆక్రమిస్తుంది. దానిలోని పార్థెనిన్ చర్మానికి పడదు. దానివల్ల దద్దుర్లొచ్చేవాళ్లలో కొందరికి చామంతి ముట్టుకున్నా ఇబ్బందే.

వయ్యారిభామని పీకాల్సిందే. కానీ ఆ పేరుతో గట్టంతటికీ గడ్డిమందు కొట్టేస్తే గడ్డిచామంతి, గుంటగలగర, సహదేవి కూడా పోతాయి. చేలో పూత లేని రోజుల్లో తేనెటీగకీ, సీతాకోకచిలుకకీ తిండిపెట్టేది అవే. గట్టుమీద పస్తున్న ఈగ పొద్దుతిరుగుడు పూసేదాకా మనకోసం కాచుకుని ఉండదు. అప్పుడు గుడ్డ పట్టుకుని పువ్వు పువ్వునీ రుద్దాల్సింది మనమే.