గ్రామసభలో మన మాట పుస్తకం ఎక్కాలంటే



దసరా సెలవులకు పోయినప్పుడు మా తండా బోరింగు గురించి గ్రామసభకు పోయొచ్చినాను. గ్రామసభ మీద సోషల్‌లో పాఠం ఉంది, నాకు మార్కులు కూడా బాగానే వచ్చినాయి. కానీ అక్కడ కూర్చున్నాక పాఠం ఒక దారి, సభ ఒక దారి అనిపించింది. మీ ఊళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు సంగతి చెప్తాను. మా తండాలో అరవై ఇండ్లు. కుళాయి ఉంది గానీ వారానికి రెండు దినాలు వస్తే గొప్ప. తక్కిన దినాల్లో తాగేదానికి ఒకే ఒక్క బోరింగు. మన అనంతపురం ఎత్తునేల మీద ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ పడినప్పుడే నమ్మాలి. బోరింగు పక్కన ఒకాయన చీనీ తోట ఉంది. ఆయన పాత బోరు ఎండిపోయింది. చెట్లు కండ్ల ముందే వాడిపోతుంటే ఎవరైనా ఇంకో బోరు వేస్తారు, ఆయన్ను చెడ్డవాడు అనడానికి లేదు. టెంకాయ పట్టించి పాయింటు చూపించుకుని రాయి పాతుకున్నాడు. ఆ రాయి మా బోరింగుకు మరీ దగ్గర. అక్కడ మోటరు పెడితే మా కడవలు ఖాళీనే.

జూలైలో జరిగిన గ్రామసభకు మా నాయన పోయినాడు. లేచి నిలబడి అంతా చెప్పినాడంట. పెద్దలు "సరేలేప్పా, చూస్తాం" అన్నారు. నాయన వేలిముద్ర వేసి సంతోషంగా ఇంటికొచ్చినాడు. రెండు నెలలు పోయినా చూసినోళ్లు లేరు.

సెలవుల్లో నేను పంచాయతీ ఆఫీసుకు పోయి, ఆ దినం ఏం రాసుకున్నారో చూపించమని అడిగినాను. కార్యదర్శి కాదనకుండా మినిట్స్ పుస్తకం తీసినారు. వీధి లైట్లు, కాలువ పూడిక, ఇంటిపన్ను బకాయిలు ఉన్నాయి. మా తండా పేరే లేదు. నాయన వేలిముద్ర మాత్రం ఇరవై మూడో నంబరు దగ్గర ఉంది. అంటే నాయన వచ్చినాడని రుజువు ఉంది, నాయన మాట్లాడినాడని రుజువు లేదు.

అప్పుడు నాకు అర్థమైంది, మనం మూడింటిని కలిపేసి ఒకటే అనుకుంటున్నామని. గ్రామసభ వేరు, పంచాయతీ వేరు, మండలం ఆఫీసు వేరు.

గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లందరూ. అందులో మెంబరు కావడానికి ఎవరూ మనల్ని ఎన్నుకోనక్కరలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, దాని తర్వాత మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. పోయిన ఏడు ఖర్చు లెక్కలు, ఆడిట్ రిపోర్టు, ఈ ఏడు చేసే పనులు, కొత్త పన్నులు, పథకాలకు ఎవరిని ఎంపిక చేయాలి అనేవి ఈ సభ ముందు పెట్టాలి. సర్పంచు అధ్యక్షుడు.

కానీ ఒక మెలిక ఉంది. గ్రామసభ చెప్పిన దాన్ని పంచాయతీ తగిన విధంగా పరిశీలించాలి అని మాత్రమే చట్టం. సభ అడుగుతుంది; సర్పంచు, వార్డు మెంబర్లు తమ సమావేశంలో తీర్మానం చేయాలి; కార్యదర్శి దాన్ని నడపాలి. మూడో మెట్టు దాకా పోవాలంటే మొదటి మెట్టు దగ్గరే అక్షరంలో ఉండాలి. పుస్తకంలో లేని దాన్ని పరిశీలించలేదని ఎవరిని అడుగుతాం?

(మన మెస్ కమిటీకి కూడా ఒక పుస్తకం ఉంది. చారు పలుచన అని నోటితో నలభై సార్లు చెప్పినాం, రాసింది ఒక్కసారి. ఏ వారం చిక్కబడిందో అందరికీ తెలుసు. వార్డెన్ సార్ కోపగించుకోవద్దు.)

పట్నంలో ఇంత వీలు కూడా లేదు. అనంతపురం 2005లో నగరపాలక సంస్థ అయింది. అక్కడ తీర్మానానికి చెయ్యెత్తేది కార్పొరేటర్లు. జనం తమ డివిజన్ కార్పొరేటరు నోటితోనే మాట్లాడించుకోవాలి. 3 లక్షల జనాభా ఉన్న పట్టణాలకే వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగంలో ఉంది. 2011 లెక్కల్లో అనంతపురం నగరం ఆ 3 లక్షల లోపే.

ఇంకొకటి. మనం గిరిజనులం కాబట్టి మన గ్రామసభకు ప్రత్యేక అధికారాలు ఉన్నాయని కొందరు అనుకుంటారు. అవి 1996 పెసా చట్టంతో వచ్చినాయి, షెడ్యూల్డ్ ప్రాంతాలకు మాత్రమే. పాడేరు, అరకు దిక్కున ఉన్నోళ్లకు ఉంది. మన అనంతపురంలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. సుగాలీలమైనా, ఎరుకలవాళ్లమైనా మనకు మామూలు పంచాయతీ చట్టమే. తెలంగాణలో 2018 చట్టంతో చాలా తండాలు సొంత పంచాయతీలు అయినాయి. మాది మాత్రం మూడు కిలోమీటర్ల అవతలి పెద్ద ఊరి పంచాయతీలో ఒక వార్డు.

ఇక బోరు సంగతి. దీనికి ఊరి కట్టుబాటు కాదు, రాష్ట్ర చట్టమే ఉంది: 2002 నాటి వాల్టా చట్టం. నీరు, భూమి, చెట్ల చట్టం అన్నమాట. అందరూ తాగే బోరుకు 250 మీటర్ల లోపల సేద్యానికి కొత్త బోరు వేయాలంటే అనుమతి కావాలి. కాబట్టి "మాకు అన్యాయం" అని ఎంత ఏడ్చినా లాభం లేదు, ఎన్ని మీటర్లో చెప్పాలి. మా మామ బేల్దారి పనికి పోతాడు. ఆయన దగ్గర 30 మీటర్ల టేపు ఉంది. బోరింగు నుంచి రాయి దాకా పట్టినాం. ఐదు టేపులు నిండినాయి, ఆరోది 24 దగ్గర ఆగింది. 174 మీటర్లు.

అర్జీలో ఏం రాసినానంటే: తండాలో ఎన్ని ఇండ్లు, బోరింగు ఎక్కడుంది, రాయి ఎంత దూరం, చట్టం ఎంత దూరం చెప్తుంది, మేము అడిగేది ఏమిటి. అడిగేది ఒక్కటే రాసినాను. రోడ్డు, లైటు, కాలువ అన్నీ కలిపి రాస్తే సులువైనది చేసి చేసినాం అంటారు. రెండు కాపీలు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేసి సీలు కొట్టించుకున్నాం. సీలు లేని కాపీ మన దగ్గరుంటే అది ఉత్త కాగితమే.

సభ దినం నేను చదవబోతే ఒకాయన "చిన్నపిల్లకు ఇక్కడ ఏం పని?" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే, నాకు ఓటు లేదు. మా యాడికి తెలుగు అంతంత మాత్రం. కానీ లేచి "ఓటు నాది, చదివేది నా బిడ్డ" అనింది. సర్పంచు చదవమన్నారు. చదివినాను, చేతులు వణికినాయి. చివర అందరూ సంతకాలకు లేస్తుంటే, రాసింది ఒకసారి చదవండి సార్ అని కార్యదర్శిని అడిగినాను. "తండా నీటి సమస్య చర్చించడమైనది" అని ఉంది. దూరం లేదు, వాల్టా లేదు. ఆయన చేర్చినారు. ఆ తర్వాతే యాడి వేలిముద్ర వేసింది. మీరు కూడా ముందు వినండి, తర్వాత వేలు పెట్టండి.

పుస్తకం చూపించకపోతే ఏం చేయాలని ఎనిమిదో తరగతి వాళ్లు అడిగినారు. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద రాసి ఇవ్వాలి, 30 దినాల్లో జవాబు రావాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చు. అక్కడ కూడా సీలున్న కాపీనే ముందు అడుగుతారు.

మా తీర్మానం పంచాయతీ సమావేశంలో పాసై తాసిల్దారు ఆఫీసుకు పోయింది. వాళ్లొచ్చి కొలిచినారు, 171 అన్నారు. మూడు మీటర్లు టేపు వంగినందుకు పోయిందని మామ అంటాడు. చీనీ తోటాయన రాయి పీకి తోట ఆ కొసకు మార్చుకుని, నవంబరులో 650 అడుగులు వేయించినాడు. దుమ్మే లేచిందంట. బోరింగులో మాత్రం నీళ్లు ఉన్నాయి, పొద్దున ఎనిమిదింటి దాకా. ఆయన మా నాయనతో మాట్లాడటం లేదు. ఆయన బిడ్డ, నేను ఐదో తరగతి దాకా ఒకే బెంచీ. సంక్రాంతికి పోయినప్పుడు బోరింగు దగ్గరే కనిపించింది, బిందెతో.