చుక్క తర్వాత రెండక్షరాలు

2025లో మన బ్యాంకుల వెబ్‌సైట్ చిరునామాలు ఒకదాని వెంట ఒకటి మారిపోయాయి. స్టేట్ బ్యాంకుది ఇప్పుడు ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్. మిగతా బ్యాంకులదీ అదే దారి. రిజర్వ్ బ్యాంకు ఆ ఏప్రిల్‌లో ఉత్తర్వు పంపి, అక్టోబరు 31 కల్లా అందరూ 'బ్యాంక్ డాట్ ఇన్' కిందికి రావాలని గడువు పెట్టింది. ఈ తరహా పేర్లు ఇచ్చే అధికారం దేశం మొత్తమ్మీద ఒక్క సంస్థకే ఉంది. అది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. రిజర్వ్ బ్యాంకే 1996లో నెలకొల్పింది. బ్యాంకు కానివారు ఎంత డబ్బు కట్టినా అక్కడ ఆ పేరు దొరకదు.

ఇంత హడావుడి ఎందుకంటే, ఇంటర్నెట్ చిరునామాను మనం ఎడమ నుంచి చదువుతాం, కంప్యూటరు కుడి నుంచి చదువుతుంది. మోసగాళ్ల వ్యాపారంలో సగం ఈ తేడా మీదే నడుస్తుంది. ముందు బ్యాంకు పేరు పెట్టి, దాని వెనక తాము కొన్న పేరు, ఆ చివర డాట్ కామ్ తగిలిస్తే చాలు, మన కన్ను మొదటి ముక్క దగ్గరే ఆగిపోతుంది. కంప్యూటరు లెక్కలో మాత్రం ఆ చిరునామా బ్యాంకుది కాదు, చివరి పేరు కొన్నవాడిది.

మొదట్లో ఈ చివరలు, చుక్కలు ఏవీ లేవు. 1970లలో అమెరికా రక్షణ శాఖ డబ్బుతో నడిచిన ఆర్పానెట్‌లో ప్రతి కంప్యూటరుకూ ఒక పొట్టి పేరు, ఒక సంఖ్య ఉండేవి. ఆ జాబితా అంతా ఒకే ఫైలు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. ఎక్కడ కొత్త యంత్రం పెట్టినా ఆఫీసు వేళల్లో వాళ్లకు కబురు చేయాలి. వాళ్లు ఫైల్లో ఒక వరస చేర్చాలి. మిగతా యంత్రాలన్నీ ఆ ఫైలును మళ్లీ దింపుకోవాలి. యంత్రాలు వందల్లో ఉన్నంతకాలం ఇది సాగింది. ఆ తర్వాత ఫైలు ఉబ్బింది, పేర్లు ఢీకొన్నాయి, దింపుకోవడానికే లైన్లు చాలని పరిస్థితి వచ్చింది.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో జాన్ పోస్టెల్ అనే గడ్డం పెద్దమనిషి ఉండేవాడు. ఈ ఫైలు రోగానికి మందుగా అప్పటికే ఉన్న కొన్ని ప్రతిపాదనలను అక్కడే పనిచేసే పాల్ మోకాపెట్రిస్ చేతిలో పెట్టి, వీటికి మధ్యేమార్గం చూడమన్నాడు. మోకాపెట్రిస్ ఆ మధ్యేమార్గం జోలికి పోకుండా సొంత పద్ధతి ఒకటి తయారు చేశాడు. 1983 నవంబరులో రెండు పత్రాలుగా వెలువడ్డ ఆ పద్ధతే డొమైన్ నేమ్ సిస్టం. దాని కిటుకు చాలా చిన్నది: మొత్తం జాబితా ఎవరి దగ్గరా ఉండనక్కర్లేదు. కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు బస్టాండులో అడిగితే వీధి చూపిస్తారు, వీధిలో అడిగితే గడప చూపిస్తారు. ఇదీ అంతే. అన్నిటికన్నా పైన రూట్ సర్వర్లుంటాయి. ఏ నుంచి ఎమ్ దాకా 13 పేర్లు వాటికి, ప్రపంచమంతటా వందల చోట్ల నకళ్లు. వాటికి స్టేట్ బ్యాంకు సంగతి తెలియదు. 'ఇన్' అనే చివరను ఎవరు చూసుకుంటున్నారో మాత్రమే తెలుసు. ఇన్ చూసుకునేవారు బ్యాంక్ డాట్ ఇన్ ఎవరిదో చెబుతారు. వాళ్లు ఎస్‌బీఐ ఎక్కడో చెబుతారు. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఒకసారి దొరికిన జవాబును దారిలోని యంత్రాలు కాసేపు గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి ప్రతిసారీ పైదాకా పోవాల్సిన పనీ లేదు.

మరి పై మెట్టులో ఏ పేర్లుండాలి? 1984 అక్టోబరులో పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి రాసిన పత్రం కామ్, ఎడ్యు, గవ్, మిల్, ఆర్గ్ లాంటివి కొన్ని పెట్టి, వాటి పక్కన దేశాలకు రెండక్షరాల పేర్లు ఉంటాయని చెప్పింది. ఇక్కడే పెద్ద చిక్కు పొంచి ఉంది. దేశమంటే ఏది? తైవాన్ దేశమా? పాలస్తీనా? హాంకాంగ్? నలుగురు ఇంజనీర్లు కూర్చుని తేల్చే సంగతులా ఇవి! పోస్టెల్ ఆ జోలికే పోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌వో 1974లోనే దేశాలకూ భూభాగాలకూ రెండక్షరాల కోడ్‌లు ఇచ్చి ఒక జాబితా అచ్చేసి ఉంది. దాన్నే తెచ్చి పెట్టుకున్నాడు. ఏది దేశమో ఏది కాదో తేల్చడం మా పని కాదని 1994లో రాతపూర్వకంగానే చెప్పేశాడు. ఇంటర్నెట్ చరిత్రలో నేను చూసిన తెలివైన నిర్ణయాల్లో ఇది మొదటి వరసలో నిలుస్తుంది. జాబితాలో కోడ్ ఉంటే చివర ఉంటుంది, లేకపోతే లేదు. 1999లో పాలస్తీనాకు కోడ్ వచ్చింది, 2000లో 'పీఎస్' చివర వచ్చింది. తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు ఈ మెట్టులో ఎవరూ ఏమీ చేయనక్కర్లేకపోయింది. గవ్ డాట్ ఇన్ కింద ఇంకో పేరు చేరింది, అంతే.

పద్ధతి పెట్టినవాళ్లే మొదట్లో ఒక మినహాయింపు ఇచ్చారు. బ్రిటన్‌కు ఐఎస్‌వో ఇచ్చిన కోడ్ 'జీబీ'. అక్కడి విశ్వవిద్యాలయాలు అప్పటికే తమ నెట్‌వర్క్‌లో 'యూకే' వాడుకుంటున్నాయి, 1985లో అదే ఖాయమైంది. పైగా వాళ్లు చిరునామాను తలకిందులుగా, దేశాన్ని ముందు పెట్టి రాసేవారు. దాంతో కొన్ని చిరునామాలు కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని సూచించే 'సీఎస్'తో ముగిసేవి. చెకొస్లొవేకియా కోడూ సీఎస్సే. విభాగానికి రాసిన ఉత్తరాలు ఆ దేశానికి దారి తప్పిన కథలు నెట్‌వర్క్ పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన 'ఇన్' రూట్ జాబితాలోకి ఎక్కింది 1989 మే 8న. చూసుకునే బాధ్యత ముంబయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీకి వచ్చింది. సంధులు, ఒప్పందాలు, టెండర్లు ఏమీ లేవు. నమ్మకమైన మనిషి, నడుస్తున్న యంత్రం ఉంటే పోస్టెల్ అప్పజెప్పే రోజులవి. ఆ తర్వాత పదిహేనేళ్లు మనం చేసింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పేరు కావాలంటే సంస్థ ఉండాలి, కాగితాలుండాలి, కో డాట్ ఇన్ లాంటి వాటి కింద మూడో మెట్టులోనే తీసుకోవాలి. 1992 నుంచి 2004 దాకా వంద కోట్ల జనాభా ఉన్న దేశంలో నమోదైన పేర్లు ఏడు వేలు. ప్రపంచమంతా డాట్ కామ్ పిచ్చిలో ఊగిపోయిన కాలమే ఇది. మనవాళ్లు వెళ్లి అమెరికా కంపెనీల దగ్గర పేర్లు కొనుక్కున్నారు. 'ఈనాడు' చిరునామా నేటికీ డాట్ నెట్. నిబంధనలు సడలాక 2008లో పుట్టిన 'సాక్షి' కూడా డాట్ కామ్ వైపే పోయింది. అలవాటు పడ్డాక మళ్లించడం కష్టం.

2005 జనవరి 1న నిబంధనలు సడలాయి. బాధ్యత నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా (నిక్సీ) చేతికి వచ్చింది. ముందు ట్రేడ్‌మార్కులున్న కంపెనీలకు మూడు వారాలు అవకాశమిచ్చి, ఫిబ్రవరి 16న అందరికీ తలుపు తీశారు. 2010 మార్చి నాటికి పేర్లు ఆరు లక్షలు దాటాయి, 2011 అక్టోబరుకు పది లక్షలు. మారింది ముఖ్యంగా నిబంధనే. కొన్నవాళ్లలో నూటికి నలభై మంది విదేశీయులు కావడం ఇందులో తమాషా. ఇంగ్లీషులో 'ఇన్' అనేది మాట కూడా కావడంతో లింక్డ్ఇన్ సంస్థ తన పొట్టి లింకులకు మన దేశం చివరను వాడుకుంటోంది.

ఇలా అక్షరాల అదృష్టం కలిసొచ్చిన దేశాల్లో తువాలు పేరు ముందు చెప్పాలి. పసిఫిక్‌లో తొమ్మిది చిన్న దీవులు, పది వేలకు అటూఇటూగా జనం. ఐఎస్‌వో యాదృచ్ఛికంగా ఇచ్చిన కోడ్ 'టీవీ'. 2000లో ఒక అమెరికా కంపెనీ ఆ చివరను పన్నెండేళ్లకు ఐదు కోట్ల డాలర్లకు మాట్లాడుకుంది. ఆ డబ్బుతోనే తువాలు అదే ఏడాది సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో 189వ సభ్యురాలిగా చేరింది. ఈమధ్య ఆ యోగం కరీబియన్ దీవి అంగ్విల్లాకు పట్టింది. దాని కోడ్ 'ఏఐ'. 2023లో ఆ పేర్ల మీద వచ్చింది మూడు కోట్ల 20 లక్షల డాలర్లు, ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైగా.

అందరికీ ఈ యోగం లేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ముచ్చటపడే 'ఐఓ' చివర బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది, అంటే చాగోస్ దీవులది. 1968, 1973 మధ్య అక్కడి జనాన్ని దీవుల నుంచి వెళ్లగొట్టి డీగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కట్టారు. అక్షరాల మీద వ్యాపారం నడిచింది, ఆ దీవుల మనుషులు మాత్రం మారిషస్‌లో, ఇంగ్లండులో బతుకులు వెళ్లదీశారు. దీవులను మారిషస్‌కు అప్పగించేందుకు 2025 మేలో సంతకాలయ్యాయి. ఆ భూభాగం పేరే లేకుండా పోయి ఐఎస్‌వో తన జాబితాలోంచి కోడ్ తీసేస్తే, నియమం ప్రకారం చివర కూడా పోవాలి.

నియమం ఉన్నంత మాత్రాన చివరలు వెంటనే పోవు. సోవియట్ యూనియన్‌కు 1990 సెప్టెంబరులో 'ఎస్‌యూ' ఇచ్చారు. పదిహేను నెలలకే ఆ దేశం లేకుండా పోయింది. ఆ చివర ఇంకా నడుస్తూనే ఉంది. యుగోస్లావియా కథ ఇంకా చిత్రం. 'వైయూ'ను 1989లో తీసుకున్నది స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాలోని పరిశోధకులు. 1991లో స్లొవేనియా విడిపోయింది. అయినా యుగోస్లావియా చివరను నడుపుతున్నది, ఆ దేశం నుంచి వెళ్లిపోయినవాళ్లే! 1994లో గానీ అది బెల్‌గ్రేడ్ విశ్వవిద్యాలయం చేతికి రాలేదు. చివరికి సెర్బియా, మాంటెనెగ్రో కూడా విడిపోయి తమ తమ కోడ్‌లు తెచ్చుకున్నాక, 2010 మార్చి 30న 'వైయూ'ను రూట్‌లోంచి తుడిచేశారు. ఆ రోజుకీ ఆ పేరుతో ఉన్న పాత పేజీల చిరునామాలన్నీ దాంతోపాటే చచ్చిపోయాయి.

ఇవాళ మనం పేర్లు అమ్మే ఏ రిజిస్ట్రార్ దగ్గరకో వెళ్లి ఇన్ పేరు కావాలంటే, అతని కంప్యూటరు నిక్సీ రిజిస్ట్రీని ఆ పేరు ఖాళీగా ఉందా అని అడుగుతుంది. ఉంటే గుర్తింపు వివరాలు, కొన్ని వందల రూపాయలు తీసుకుని, ఏడాదికో గరిష్ఠంగా పదేళ్లకో మన పేర రాస్తారు. కొన్నాం అంటాం గానీ, నిజానికి అద్దె. గడువు దాటి, ఆ పైన ఇచ్చే వెసులుబాటు రోజులూ దాటితే పేరు మళ్లీ సంతలోకి వస్తుంది, ఎవరైనా పట్టుకుపోవచ్చు. పాతపడ్డ పేరు వదిలేసే ముందు అక్కడికి ఏ ఉత్తరాలు, ఏ పాస్‌వర్డు సందేశాలు వస్తున్నాయో చూసుకోనివాళ్లను తలుచుకుంటే భయమేస్తుంది.

ఇక మన లిపి సంగతి. ఈ వ్యవస్థ పుట్టినప్పుడు దానికి తెలిసినవి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఒక అడ్డగీత. తెలుగులో రాసిన పేరును అది ఇప్పటికీ చదవలేదు. 2003లో వచ్చిన ప్యూనీకోడ్ అనే పద్ధతి మన అక్షరాలను తెర వెనక ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పంపుతుంది. 2011లో మన దేశానికి ఏడు లిపుల్లో అనుమతి వచ్చిన చివరల్లో డాట్ భారత్ తెలుగులోనూ ఉంది. రూట్‌లో దాని రూపం ఇది: ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు, తర్వాత ఎఫ్ పీ సీ ఆర్ జే 9 సీ 3 డీ. గుజరాతీ, దేవనాగరి రూపాలు దీనికన్నా రెండక్షరాలు పొట్టి. వాళ్లు 'భారత' అని రాసి ఊరుకుంటారు, మనం చివర పొల్లు పెడతాం. ఆ పొల్లు వెల ఆ రెండక్షరాలు.

తెలుగు చిరునామాలు ఎక్కువ మంది వాడటం లేదు. ఇంగ్లీషు అక్షరాలు లేని ఈమెయిలును తిప్పికొట్టే ఫారాలు వెబ్‌లో ఇంకా కోకొల్లలు. దానికి తోడు మోసం భయం ఇక్కడా ఉంది. మన ర, ల, గ కన్నడ అక్షరాలతో కలిసిపోతాయి. కంటికి ఒకటే, కంప్యూటరుకు వేరు. అందుకని రూట్‌కు తెలుగు నియమాలు రాసిన భాషానిపుణులు, ఇంజనీర్లు కన్నడతో పోలిన అక్షరాలను జతలుగా పట్టిక కట్టారు. ఒక లిపిలో చివరగా ఒక పేరు ఇస్తే, రెండో లిపిలో దానిలాగే కనబడే పేరును ఇంకెవరికీ ఇవ్వరు.