సముద్రపు పిట్టలకు ఫొటో తీద్దామా?

బాలలూ! చలికాలంలో సముద్రం ఒడ్డుకు వెళ్ళినప్పుడు, చేపల పడవల వెంట అరుచుకుంటూ ఎగిరే తెల్లని పక్షులను మీరు చూశారా? వాటినే సీగల్ పక్షులంటారు. జాలరులు పారవేసే చేపముక్కల కోసం అవి పడవల వెంట పడతవి.

మన తీరానికి వచ్చే సీగల్ పక్షులలో గోధుమరంగు తల గల జాతి ఒకటి ఉన్నది. తమాషా ఏమిటంటే, చలికాలంలో దాని తల తెల్లగానే ఉంటుంది! కంటి వెనుక నల్లని మచ్చ ఒకటి మాత్రం కనిపిస్తుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడినప్పుడు, టోపీ పెట్టినట్టుగా తలకు గోధుమరంగు వస్తుంది. ఈ జాతి పక్షులు లడఖ్‌లోనూ, టిబెట్‌లోనూ ఎత్తయిన సరస్సుల వద్ద గూళ్ళు కట్టుకుంటవి. లడఖ్‌లోని త్సో మొరిరి సరస్సు సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. చలికాలంలో అది గడ్డకట్టుకుపోతుంది. అలాంటి చోట్ల తిండి దొరకదు గనకనే పక్షులు వెచ్చని తీరాలకు వలస వస్తవి.

ఒక జనవరిలో మా మనవడూ నేనూ కెమెరా తీసుకుని కాకినాడ తీరానికి వెళ్ళాము. నీరు వెనక్కు తీసి ఉన్నది. తడి బురదలో సీగల్ పక్షులూ, ఉల్లంకి పిట్టలూ మేస్తున్నవి. అవి ఎగురుతుంటే ఫొటో తీయాలని మావాడు కేక పెట్టి పరుగెత్తాడు. అన్నీ లేచిపోయినవి. ఫొటోలో తోకలు తప్ప ఏమీ పడలేదు! అవి మళ్ళీ వాలగానే వాడు మళ్ళీ పరుగుకు సిద్ధమయాడు.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి జాలరి, "బాబూ! పోటొచ్చిందంటే మేతంతా మునిగిపోద్ది. అయ్యి తినేది ఈ కాసేపే. నువ్విలా తరిమేత్తుంటే ఎప్పుడు తింటాయి?" అన్నాడు.

మావాడు సిగ్గుపడి, నా పక్కన ఇసుకలో చతికిలబడ్డాడు. గంటసేపు మేమిద్దరం కదలలేదు. చివరకు ఒక సీగల్ తనంతట తానే నడుచుకుంటూ దగ్గరకు వచ్చింది. దాని ఎర్రని ముక్కూ, కంటి వెనుక మచ్చా ఫొటోలో చక్కగా పడినవి.

మీరూ అలాగే చేయండి. ఉదయం పూట, ఎండ మీ వీపు మీద పడేటట్టు కూర్చోండి. కెమెరాను పక్షి కంటి ఎత్తుకు దించండి. తెల్లని ఈకలు ఎండలో వెలిసిపోయినట్టు పడుతుంటే, కెమెరాలో వెలుగు కొంచెం తగ్గించండి. ఎగిరే పక్షి అలుక్కుపోకుండా పడాలంటే షట్టరు సెకనులో 1000వ వంతు కాలమే తెరుచుకోవాలి. పక్షులు మేత మాని, తలలెత్తి మీకేసి చూస్తున్నవంటే, అంతకంటె ముందుకు పోకండి.

ఫొటో వల్ల శాస్త్రానికి కూడా మేలు ఉన్నది. వలస పక్షుల దారులు తెలుసుకునేందుకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు సాలిం అలీ నాయకత్వాన 1959లో పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే పెద్ద పరిశోధన ఆరంభించారు. ఉంగరం మీది అంకెలు ఫొటోలో చదవగలిగితే, ఆ పక్షికి ఉంగరం ఎక్కడ తొడిగారో తెలుసుకోవచ్చును. అందుకని ప్రతి ఫొటోకూ తేదీ, చోటు, వేళ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

ఫొటో తీసుకుని మీరు ఇంటికి బయలుదేరేటప్పటికి పక్షులు ఇంకా అక్కడే మేస్తూ ఉన్నవా? ఉంటే, మీకు ఫొటో తీయటం వచ్చిందన్నమాటే!