మునిగిన ఊళ్ల మీదుగా లాంచీ ప్రయాణం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల నుంచి బయల్దేరి సముద్రాలు దాటిన కుటుంబాలు సెలవులకు ఊరొస్తే పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లే చోటు శ్రీశైలం. త్రిపురాంతకం ఆ క్షేత్రానికి తూర్పు ద్వారమని ఈ సంచిక చదివే పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు. శివరాత్రికి ముందు మన ఊళ్ల మీదుగా నడిచిపోయే భక్తులకు మజ్జిగ పోసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఇప్పటి పిల్లల ప్రయాణం మాత్రం దోర్నాల దగ్గర ఘాట్ రోడ్డెక్కి, దర్శనం చేసుకుని, డ్యాం ముందు ఫోటో దిగి, సాయంత్రానికి తిరిగి రావడంతో సరిపోతోంది. వాళ్లకు కృష్ణ అంటే కారు ఆపి చూసే ఒక దృశ్యం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. శ్రీశైలానికి ఒక్కసారైనా నీటి దారిన వెళ్లాలి, మూడు నాలుగు రోజులు కేటాయించుకుని, దీవుల దగ్గర ఆగుతూ వెళ్లాలి. ఆ దీవులన్నీ నిన్నమొన్నటిదాకా కొండలే, వాటి చుట్టూ ఊళ్లుండేవి. ఊరు పోయాక ఏది మిగులుతుంది, ఎవరు పట్టుకుంటే మిగులుతుంది అనే ప్రశ్నకు ఆ దారిలో కళ్లెదుటే జవాబు దొరుకుతుంది. ఊరు వదిలి వచ్చిన మనకు ఆ జవాబు కావాలి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లలో కలిసిపోబోతున్న మన పక్క ఊళ్లకు అది ఇంకా ఎక్కువ కావాలి.

ప్రయాణం నాగార్జునకొండతో మొదలుపెట్టడం మంచిది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో గంటలోపే దీవి చేరుకుంటాం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇప్పుడు నీళ్ల కింద ఉన్న ఈ లోయలోనే ఉండేది. దాని శిథిలాలు 1926లో బయటపడ్డాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాంకు శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాఖ లోయలో పనిలోకి దిగింది. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా, ఒకపక్క ఆనకట్ట లేస్తుంటే మరోపక్క ఆ లోయనంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి కొండమీదికి, కొన్నింటిని ఒడ్డున ఉన్న అనుపుకు చేర్చి తిరిగి కట్టారు. దీవి మీది మ్యూజియం 1966లో తెరుచుకుంది. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను నైలు నీళ్ల నుంచి పైకి ఎత్తే పని 1964లో మొదలై ప్రపంచమంతా మారుమోగింది. మన కృష్ణ ఒడ్డున అలాంటి పనికి అంతకు ముందే పూనుకున్నారని మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ఆ లోయలో వలస వెళ్లిన వాళ్లకు బాగా దగ్గరయ్యే విషయం ఇంకొకటుంది. బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి నుంచి, అంటే నేటి శ్రీలంక నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల కోసం ఇక్కడ చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. అదే శాసనం ఇక్కడొక సింహళ విహారం ఉండేదని కూడా చెబుతోంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక ద్వీపం నుంచి వచ్చినవాళ్లు మన నది ఒడ్డున తమకంటూ ఒక నెలవు ఏర్పరచుకున్నారన్నమాట. ఊరుగాని ఊళ్లో నలుగురూ కూడే ఒక చోటు కావాలన్న అవసరం మన ప్రవాస సంఘాలతో పుట్టింది కాదు. అయితే ఆ దీవి మీద ఇంకో నిజం కూడా కనబడుతుంది. చాంతిసిరి లాంటి ఇక్ష్వాకు రాజకుటుంబ స్త్రీలు ఏ స్తూపానికి ఏ స్తంభం ఇచ్చారో శాసనాల వల్ల మనకు తెలుసు. అదే లోయలో ఉండిన పుల్లారెడ్డిగూడెం రైతులు ఏ చేనును ఏ పేరుతో పిలుచుకున్నారో, పెళ్లిళ్లలో ఏ పాటలు పాడుకున్నారో చెప్పేందుకు అక్కడ ఏ రాయీ లేదు. పురావస్తు మ్యూజియం పని రాళ్లతోనే కాబట్టి తప్పు దానిది కాదు. మనుషుల సంగతి రాసిపెట్టుకోవలసింది మనుషులే.

అరవై ఏళ్ల కిందట నీళ్లు చుట్టుకుంటే దీవి అయిన కొండమీద సంస్కృతి ఏముంటుంది, ఆచారాలు చూడాలంటే లక్షద్వీప్‌కో అండమాన్‌కో వెళ్లాలి గదా అనేవాళ్లున్నారు. వాళ్లు ఏలేశ్వరం చూడాలి. ఆ ఊరు సాగర్‌లో మునిగింది, దాని శిల్పాలు, తవ్వకాల్లో దొరికిన వస్తువులు మ్యూజియాలకు వెళ్లాయి. ఏలేశ్వరం గట్టు మాత్రం దీవిగా మిగిలింది, దానిమీద మల్లన్న ఉన్నాడు. ఏటా మహాశివరాత్రికి లాంచీలు వేస్తారు, జనం నీళ్లు దాటి గట్టెక్కుతారు, మొక్కులు చెల్లించుకుంటారు. ఊరు లేదు, ఊరి జాతర ఉంది. కాలినడకన చేరుకునే కొండకు పడవలో పోవాల్సి వస్తే ఆచారం దారి మార్చుకుంది గాని ఆగిపోలేదు. అసలైన దీవి సంస్కృతి అని నేను అనేది దీన్నే. ప్రతి ఏటా ఒక రోజు కట్టుబడి నలుగురూ కలిసి చేస్తున్నారు కాబట్టే అది నిలిచింది. సముద్రం అవతల మారిషస్ చెప్పేదీ ఇదే. 1843లో కోరంగి నుంచి కోరింగా ప్యాకెట్ అనే ఓడలో తెలుగు కూలీలు ఆ దీవికి వెళ్లారు. వాళ్ల సంతతికి తెలుగు మాట చాలామటుకు జారిపోయినా రామభజన, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నిలిచాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. మన పిల్లలు జారిపోతున్నారని బాధపడే ముందు, వాళ్లు పట్టుకోవడానికి ఏటా తప్పకుండా వచ్చే ఏ పని వాళ్ల చేతికి ఇచ్చామో చూసుకోవాలి.

సాగర్ నుంచి శ్రీశైలం దాకా నీటి దారి దాదాపు 110 కిలోమీటర్లు, లాంచీలో పగలంతా పడుతుంది. ఎదురు ప్రవాహంలో వెళ్లేటప్పుడు ఎడమచేతి వైపు పల్నాడు దాటాక కనిపించే కొండలు ఎర్రగొండపాలెం, దోర్నాల అడవులవి. మనం పుట్టిన మెట్టకు వీపు లాంటి నల్లమలను అటు ముఖంగా చూసే అవకాశం ఈ ప్రయాణంలోనే దొరుకుతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. చెంచు గూడేలకు వెళ్లి వాళ్లను వింతగా చూసి ఫోటోలు తీయడం మంచిది కాదు. పైగా ఇది పులుల అభయారణ్యం, ఎక్కడపడితే అక్కడ దిగే వీలు ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి చెంచుల సంగతి శ్రీశైలంలోనే పిల్లలకు చెప్పాలి. మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా భావించే చెంచుల కథ ఆ గుడి ప్రాకారపు శిల్పాలతో ముడిపడి ఉంది. లింగాలగట్టు దగ్గర ఇంకొక సంగతి గమనించాలి. అక్కడి జాలర్లలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. సముద్రం మీద నేర్చిన విద్యతో మంచినీటి రిజర్వాయర్‌లో బతుకుతున్నారు. వలస అంటే విమానమెక్కడం మాత్రమే అనుకునే పిల్లలకు ఆ గట్టు మీద ఒక పూట చాలా నేర్పుతుంది.

శ్రీశైలం డ్యాం దాటి పైకి లాంచీ పోదు. అక్కడ దిగి, రాత్రి కొండమీద బస చేసి, మర్నాడు పాతాళగంగ నుంచి వేరే పడవెక్కి అక్కమహాదేవి గుహలకు, వీలైతే సోమశిల వైపు వెళ్లాలి. సంగమేశ్వరం ఆ పైన ఉంది. శ్రీశైలం జలాశయం నిండితే ఆ గుడి నీళ్లలో ఉంటుంది, వేసవిలో నీళ్లు తగ్గాక కొన్ని నెలలు బయటపడి పూజలందుకుంటుంది. లాంచీలు నీళ్లు నిండుగా ఉన్నప్పుడే తిరుగుతాయి కనుక రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. రెండోసారి రావడానికి అదే కారణం అనుకుంటే సరి.

మన ప్రాంతపు పెద్దలు కొందరు ఇక్కడ గట్టిగానే ఎదురు చెబుతారు. మునిగినదాని గురించి ఏడుపెందుకు, మాకు కావలసింది నీళ్లు అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసేయలేం. సాగర్ కుడి కాలువ నీళ్లు దర్శి, అద్దంకి వైపు పారితే మార్కాపురం, గిద్దలూరు చాలావరకు బోర్ల మీద, ఫ్లోరైడు నీళ్ల మీద బతికాయి. కొండకు అవతల కృష్ణ, ఇవతల కరువు. అందుకే పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ నేల ఎదురుచూసింది. కొల్లంవాగు నుంచి కొండ కింద దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలు తవ్వారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులు మూసి నల్లమలసాగర్ నింపాలన్నది పథకం, నాలుగు లక్షల ఎకరాలకు పైగా సాగునీరు దాని లక్ష్యం. నీళ్లు రావాలి. నా వాదన నీళ్లకు ఎదురు కాదు. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ఊళ్లు మన చేలకోసం తమ చేలు ఇస్తున్నాయి. వాళ్లకు న్యాయమైన పరిహారం ఎంత బాకీయో, వాళ్ల ఊరి వివరం రాసిపెట్టడమూ అంతే బాకీ. నాగార్జునకొండ లోయలో రాజుల రాళ్లకు ఆరేళ్లు దొరికాయి, రైతుల మాటలకు ఎవరూ దొరకలేదు. ఆ లోటు మన వంతు వచ్చినప్పుడు జరగకూడదు.

ఇదంతా ఇంట్లో కూర్చుని వీడియోలో చూపించవచ్చు గదా అంటే, డ్రోను వీడియోలో నీళ్లు, కొండలు అందంగా కనిపిస్తాయి, ఏది ఎందుకు మునిగిందో కనిపించదు. పక్కన కూర్చున్న తాతయ్య వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియని విషయం అది. ప్రమాదం గురించిన భయం మాత్రం నిజమైనది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి జరిగిన ఘోరం ఎవరూ మరవలేదు. ప్రభుత్వ పర్యాటక సంస్థల లాంచీలే ఎక్కడం, లైఫ్ జాకెట్ విప్పకపోవడం, వరద రోజుల్లో అసలు బయల్దేరకపోవడం, ఇవి బేరమాడే విషయాలు కావు.

మన ప్రవాస సంఘం ఈ ప్రయాణాన్ని, ఊళ్ల వివరం రాసిపెట్టే పనిని చేపడితే బాగుంటుంది. డిసెంబరు, జనవరి సెలవులకు చాలా కుటుంబాలు ఊళ్లోనే ఉంటాయి, నీళ్లు బాగుంటే లాంచీలూ తిరుగుతాయి. పది కుటుంబాలు కలిసి నీటి ప్రయాణం ముగించి, దోర్నాల మీదుగా దిగివచ్చి, ఆఖరి రోజును వెలిగొండ ముంపు ఊళ్లవాళ్లకు కేటాయించాలి. వాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉంటే అక్కడికే వెళ్లాలి, ముందుగా కబురు పెట్టి, వాళ్లు ఒప్పుకుంటేనే. పొలాల పేర్లు, వాగుల పేర్లు, ఏ దేవరకు ఏ నెలలో కొలువు చేసేవారు, పీర్ల పండుగలో ఎవరు పీరు ఎత్తేవారు, ఇంటి గడప ఏ చెట్టు కలపతో చేసేవారు, ఇవన్నీ అడగాలి. ఫోనులో రికార్డు చేసే బాధ్యత పిల్లలకే అప్పగించాలి. ప్రశ్న కూడా వాళ్ల నోటి నుంచే రావాలి. దానికి కావలసిన తెలుగు మాటలను బయల్దేరే ముందు నెల రోజులు ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర నేర్పవచ్చు.