గవ్వలా, ఫోనా? ఇంట్లో తెలుగును నిలబెట్టే ఆట ఏది?

సామల్పట్టిలో గానీ, ఊత్తంగరైలో గానీ, హోసూరులో గానీ, సెలవులొచ్చాయంటే మన ఇళ్ళలో ఒకటే కత. అవ్వ ఒక మూల, పిలకాయలు ఇంకో మూల. మధ్యలో ఫోను. మాకు ఆటల పిచ్చి ఉంది. గవ్వల ఆట నుంచి కొత్త వీడియో గేము వరకు ఏది దొరికినా ఆడి చూస్తాం. ఆ పిచ్చితోనే ఈ మాటలు రాస్తున్నాం. అయితే ఆట బాగుందా లేదా అన్నది ఒక్కటే మా లెక్క కాదు. ఆడుతున్నంతసేపూ ఇంట్లో తెలుగు వినబడిందా లేదా అన్నది మా రెండో లెక్క.

ఈ రెండో లెక్క ఎందుకో మన ఇళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున 2015-16కు పదో తరగతి దాకా వచ్చింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, మనం బతికేది ఇక్కడే. కానీ తెలుగు బడి అందుబాటులో లేని పిల్లలకు తెలుగు మిగిలేది ఇంట్లోనే. ఇంట్లో కూడా 'తిన్నావా, పడుకో, నీళ్ళు పోసుకో' దగ్గరే ఆగిపోతే, ఇంకో తరానికి ఆ మాటలు కూడా ఉండవు. వాదించడానికి, బేరమాడడానికి, ఎత్తిపొడవడానికి, లెక్క పెట్టడానికి కూడా తెలుగు కావాలి. ఈ నాలుగూ ఒకేచోట దొరికేది ఆటలోనే.

బారాకట్ట

కొన్ని ఇళ్ళలో బారాకట్ట, కొన్ని ఇళ్ళలో అష్టాచమ్మా. అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 ఇళ్ళు. సుద్దముక్క ఉంటే చాలు, నేలమీద పటం తయారు. నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. బయటి 16 ఇళ్ళు ఒక చుట్టు, లోపలి 8 ఇళ్ళు ఇంకో చుట్టు, నడిమింటికి చేరితే కాయ పండినట్టు. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి చుట్టుకు పోరాదన్నది చాలా ఇళ్ళ కట్టుబాటు.

దీన్ని వట్టి అదృష్టం ఆట అనుకుంటారు. మేం ఒప్పుకోం. నాలుగు గవ్వలు 16 రకాలుగా పడతాయి. గవ్వ బోర్లాపడడం, వెల్లకిలా పడడం సమానం అనుకుంటే, అందులో రెండు పడేది 6 సార్లు, ఒకటి 4 సార్లు, మూడు 4 సార్లు. నాలుగు అంటే చమ్మ ఒక్కసారి, ఎనిమిది అంటే అష్ట ఒక్కసారి. ఒక్క విసురుకు ఐదు, ఆరు, ఏడు పడనే పడవు. కాబట్టి ఎదుటివాళ్ళ కాయకు రెండిళ్ళ ముందు నిలబడకండి, ఐదిళ్ళ ముందు నిలబడండి. నిజం గవ్వలు ఇంత సమంగా పడవు, ఒక్కో ఇంటి గవ్వలది ఒక్కో గుణం. ఆ గుణం అవ్వకు తెలుసు, అందుకే అవ్వ గెలుస్తుంది.

ఫోనులో ఆడే లూడో దీనికి దూరపు చుట్టమే. మన పచ్చీసును మార్చి ఇంగ్లండులో లూడోగా పేటెంటు తీసుకున్నారు. 2016లో వచ్చిన లూడో కింగ్ దాన్ని మళ్ళీ మన చేతుల్లోకి తెచ్చింది. దూరాన ఉన్న చుట్టాలతో ఆడడానికి అది మంచిదే. కానీ అందులో పాచిక వేసేదీ, కాయను ఇల్లిల్లూ నడిపించేదీ ఫోనే, తగువు తీర్చేదీ ఫోనే. పిల్లల నోట్లో మాట పుట్టే పని లేదు. బారాకట్టలో అయితే 'రెండు పడింది, నాలుగు కాదు, దొంగాట!' అని అరవక తప్పదు. ఆ అరుపు తెలుగులోనే వస్తుంది.

పులిజూదం

పులి-మేక అన్నా ఇదే. తమిళంలో ఆడుపులి ఆట్టం. గీతలు కలిసే 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. ఇందులో గవ్వలు లేవు, అదృష్టం లేదు. పులి మేకమీదుగా దూకితే మేక చచ్చినట్టు. పులులకు కదిలే దారి లేకుండా కడితే మేకలు గెలిచినట్టు. కొత్తగా ఆడేవాళ్ళు మేకల్ని నడిమధ్య పెట్టి పోగొట్టుకుంటారు. మేక వెనక చోటు ఖాళీగా ఉంటేనే పులి దూకగలదు. కాబట్టి అంచులనుంచి, ఒకదాని వెనక ఒకటి ఆనించి పెట్టుకుంటూ రండి. చదరంగం నేర్పే ముందు దీన్ని నేర్పండి. ఒకవైపు బలం, ఇంకోవైపు సంఖ్య అన్న ఆలోచన చదరంగంలో కూడా లేదు. మా లెక్కలో మన ఆటలన్నిట్లో ఇదే గొప్పది. కృష్ణగిరి అంటే రాళ్ళకు కొదవ లేని జిల్లా. బండమీద బొగ్గుతో గీసుకుంటే కానీ ఖర్చు లేదు.

వామనగుంటలు

వరసకు ఏడు చొప్పున 14 గుంటలు, చేతినిండా చింతగింజలు. తమిళంలో పల్లాంకుళి, కన్నడంలో అళిగుళిమణె. మూడు భాషలు కలిసే మన సీమలో పక్కింటోళ్ళు ఏ భాషవాళ్ళయినా ఈ ఆట ఎరుగుదురు. పలకకు పేరొకటే తేడా. చిన్నపిల్లలకు ఒకటి రెండు మూడు తెలుగులో నేర్పడానికి దీనికి మించింది లేదు. గింజ వేస్తూ పైకి లెక్కపెట్టాలన్న నియమం ఒక్కటి పెట్టండి, చాలు.

అంగడిలో కొనే ఆటలు

పాతవే ఆడమని మేం పట్టుబట్టం. జర్మనీలో క్లాస్ ట్యూబర్ చేసిన కటాన్ 1995లో వచ్చింది. ముగ్గురు నలుగురు కలిసి ఆడొచ్చు. ఒక దీవిలో కట్టె, ఇటుక, గొర్రెలు, గోధుమ, ఖనిజం సంపాదించి దారులు, ఊళ్ళు కట్టాలి. మన దగ్గర లేనిది ఎదుటివాళ్ళ దగ్గర బేరమాడి తెచ్చుకోవాలి. 'గొర్రె ఇస్తాను, ఇటుకిస్తావా మామా?' 'ఒకటి చాలదు, రెండియ్యి!' ఆట ఎక్కడిదైతేనేం, బేరం మనదే. ధర ఎక్కువే, కానీ రెండు మూడు ఇళ్ళు కలిసి కొనుక్కోవచ్చు.

స్క్రాబుల్ మాత్రం తెలుగుకు నప్పదు. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, 100 బిళ్ళలు. మనకు ఒక్క 'క'కే గుణింతమంతా ఉంది, పైన వత్తులు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే మూడు హల్లులు, ఒక అచ్చు. అన్నిటికీ బిళ్ళలు చేస్తే సంచి చాలదు. దానికి బదులు మాటల అంత్యాక్షరి ఆడండి. 'మామిడి' అంటే 'డి'తో మొదలయ్యే మాట చెప్పాలి. దొరక్కపోతే 'డ' గుణింతంలో ఏదైనా సరే అనుకోండి. సామల్పట్టిలో రైలెక్కి సేలం చేరేలోపు పిలకాయలకు ఎన్ని మాటలు వచ్చో, ఎన్ని రావో మీకే తెలిసిపోతుంది.

వీడియో గేములు, ఫోన్లు

మేం ఆడిన వీడియో గేముల్లో ఎక్కువవి మాట్లాడేది ఇంగ్లీషే. చూపు, చెయ్యి చురుకవుతాయి, ఇంగ్లీషు వస్తుంది, కాదనం. కానీ తెలుగుకు ఒరిగేది లేదు. ఒంటరిగా గంటలు గడిపే గేముకన్నా ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడేది కొనివ్వండి. పక్కన మనిషుంటే మాట ఉంటుంది. ఇక డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీలాంటివి మా దృష్టిలో ఆటలే కావు. 2025 ఆగస్టులో కేంద్రం వాటిని నిషేధిస్తూ చట్టమే చేసింది.

ఫోనును తిట్టి లాభం లేదు. దాన్ని మనవైపు తిప్పుకోవాలి. యూనికోడులో తెలుగు 1991 నుంచే ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొద్దిరోజుల్లోనే సరిచేశారు. ఇప్పుడు అదే ఐఫోన్లకు పైతొడుగులు మన హోసూరు దగ్గర టాటా ఎలక్ట్రానిక్స్‌లో తయారవుతున్నాయి. ఫోను మన చేతుల మీదుగా పోతోంది, మన అక్షరం మాత్రం మన ఫోనుల్లో లేదు. చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనో, తమిళ అక్షరాల్లోనో కొడుతున్నారు.

దీనికి మేం చేసి చూసిన ఉపాయం ఒకటుంది. 2017లో గూగుల్ తెలుగుకు నోటిమాటతో టైపు చేసే వసతి తెచ్చింది. ఫోను కీబోర్డులో తెలుగు చేర్చి, మైకు గుర్తు నొక్కి, పిల్లల్ని మాట్లాడమనండి. వాళ్ళు అన్నమాటే వాళ్ళ కళ్ళముందు తెలుగు అక్షరాలై నిలబడుతుంది. చదవడం రాని పిల్లలకు ఇంతకన్నా మంచి వాచకం లేదు, ఎందుకంటే అందులో ఏం రాసుందో వాళ్ళకు ముందే తెలుసు. మన సీమ యాసను అది ఒక్కోసారి తప్పుగా రాస్తుంది. ఆ తప్పు ఎక్కడుందో వెతకమనడమే రెండో ఆట.

మొత్తంమీద మా మాట ఇది. పెద్దా చిన్నా కలిసి ఆడడానికి బారాకట్ట, బుర్రకు పులిజూదం, లెక్కకు వామనగుంటలు, బేరానికి కటాన్, చదువుకు ఫోనులోని మైకు. ఈ ఆదివారం ఒక్క గంట అవ్వను పిలిచి గవ్వలు తీయించండి. ఆటలో ఆమె నోట వచ్చే మాటల్ని ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. తెలుగులో రాయడం రాకపోతే ఫోనుకు చెప్పండి, అది రాస్తుంది. ఆమె తర్వాత ఆ మాటలు ఇంకెక్కడా దొరకవు.