కిరసనాయిలు విశేషాలు: రన్‌వే నుంచి రేకుల షెడ్డు దాకా

డిసెంబరు, జనవరి నెలల్లో శంషాబాద్ చుట్టుపక్కల తెల్లవారుజామున బయటికొస్తే ఒళ్లు జివ్వుమంటుంది. లారీ షెడ్ల ముందు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర, విమానాశ్రయం రోడ్డు పక్కన చలిమంటలు కనిపిస్తాయి. చలికి ఓర్చుకోలేనివాళ్లు షట్టర్ దించుకుని లోపలే కుంపటో, స్టవ్వో పెట్టుకుంటారు. అదే సమయంలో వాళ్ల నెత్తి మీదుగా విమానం లేస్తుంది. దాని ఇంజిన్లో మండేదీ కిరసనాయిలే. ఎక్కడ మండినా ఈ నూనెకు కావలసింది ఒక్కటే: గాలి. గాలి అందితే అది మనకు పనిచేసి పెడుతుంది, అందకపోతే ప్రాణం తీస్తుంది. కింద చెప్పుకునే విశేషాల్లో చాలావరకు ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

విమానం తాగేది గ్యాసు నూనే

తెలంగాణ పల్లెల్లో గ్యాసు నూనె అనే కిరసనాయిలునే బాగా శుద్ధి చేసి విమానాలకు వాడతారు. ఈ ఇంధనం పేరు జెట్ ఏ-1. శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న రాకపోకలు మొదలుపెట్టింది. అప్పటినుంచి 4,260 మీటర్ల పొడవైన అక్కడి రన్‌వే మీద పైకి లేచే జెట్ విమానాలన్నీ ఈ నూనెతోనే ఎగురుతున్నాయి. మనం తరచూ ఎక్కే ఎయిర్‌బస్ ఏ320 ట్యాంకుల్లో సుమారు 24 వేల లీటర్లు పడుతుంది. ఒకప్పుడు రేషన్ షాపు దగ్గర క్యూలో నిలబడి తెచ్చుకున్న నాలుగైదు లీటర్లను తలుచుకుంటే ఇది ఎంత పెద్ద లెక్కో తెలుస్తుంది.

మైనస్ 47 డిగ్రీల పరీక్ష

విమానం 35 వేల అడుగులు దాటాక బయట ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దాకా పడిపోతుంది. నీరే కాదు, చాలా నూనెలు అక్కడ గడ్డకట్టేస్తాయి. జెట్ ఏ-1 మాత్రం మైనస్ 47 డిగ్రీల వరకు గడ్డకట్టకూడదన్నది నియమం. రెక్కల్లోని ట్యాంకులో ఉన్న నూనె బయటి గాలంత తొందరగా చల్లబడదు కాబట్టి ఈ హద్దు సరిపోతుంది. ఇంకో నియమం 38 డిగ్రీలది. అంతకన్నా తక్కువ వేడిలో ఈ నూనె ఆవిరికి నిప్పు అంటుకోకూడదు. కిరసనాయిలుకు పెట్రోలు కన్నా నెమ్మదస్తురాలన్న పేరు వచ్చింది ఈ గుణం వల్లే.

రాకెట్‌కూ అదే నూనె

విమానం దారిలో దొరికే గాలిని పీల్చుకుంటుంది. గాలి లేని చోటికి వెళ్లే రాకెట్‌కు ఆ వీలు లేదు. అందుకే అది కిరసనాయిలుతో పాటు ద్రవ ఆక్సిజన్‌ను కూడా మోసుకెళ్తుంది. చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ 2024 మే 30న మన శ్రీహరికోట నుంచి ప్రయోగించిన అగ్నిబాణ్ రాకెట్ ఈ జంట ఇంధనంతోనే లేచింది. దాని ఇంజిన్‌ను త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేశారు. చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకెళ్లిన శాటర్న్ 5 రాకెట్ మొదటి దశలో సుమారు 7 లక్షల 70 వేల లీటర్ల కిరసనాయిలు పట్టేది. అక్కడ కూడా నూనెకు తోడు ద్రవ ఆక్సిజన్ ఉండాల్సిందే.

హైదరాబాద్ చలి ఎంత?

ఇక నేల మీది చలి సంగతి. హైదరాబాద్‌లో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. ఆ రికార్డు 1946 జనవరి 8 నాటిది. నగరం మధ్యలో సిమెంటు, తారు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి మెల్లగా వదులుతాయి. ఖాళీ నేలలు, చెరువులు, పొలాలు ఉన్న శివార్లలో ఆ వేడి నిలవదు. పైగా దక్కను పీఠభూమి మీద చలికాలం రాత్రుళ్లు ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటాయి కాబట్టి నేల వేడి నేరుగా పైకి పోతుంది. శంషాబాద్ వైపు తెల్లవారుజామున చలి ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఆ చలికి పొగమంచు పట్టి కొన్ని రోజులు విమానాలు ఆలస్యమవుతాయి.

విమానాల గ్యారేజీలు

శంషాబాద్‌లో విమానాలకూ గ్యారేజీలున్నాయి. వాటిని విప్పి బాగుచేసే పెద్ద హ్యాంగర్లు విమానాశ్రయం పక్కనే ఉన్నాయి. ఏ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలకు వాడే లీప్ ఇంజిన్ల కోసం ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్ సంస్థ కట్టిన మరమ్మతు కేంద్రం 2025 నవంబర్ 26న ఇక్కడే ప్రారంభమైంది. మన వాతావరణంలో ఈ షెడ్లను వేడి చేయాల్సిన అవసరం రాదు. కెనడా, అలాస్కా లాంటి చోట్ల మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ముందు కిరసనాయిలు హీటర్ నుంచి పొడవాటి గొట్టంతో వేడిగాలిని పంపి ఇంజిన్‌ను కాచుకోవాల్సి వస్తుంది. ఆ హీటర్లలో మంచి రకాలు పొగను వేరే గొట్టంలోంచి బయటికి పంపి, శుభ్రమైన వేడిగాలిని మాత్రమే లోపలికి వదులుతాయి.

ఒక లీటరులో పది యూనిట్లు

గ్యారేజీల్లో వాడే చిన్న కిరసనాయిలు హీటర్లు రెండు రకాలు. ఒకటి వత్తి హీటర్. గుండ్రటి వత్తి నూనెను తనంతట తానే పైకి లాక్కుంటుంది, కరెంటు అక్కర్లేదు. రెండోది ఫ్యాన్ హీటర్. నూనెను తుంపరగా చిమ్మి, ఫ్యాన్‌తో వేడిగాలిని దూరంగా కొడుతుంది. ఒక లీటరు కిరసనాయిలులో దాదాపు 10 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. రెండున్నర కిలోవాట్ల వత్తి హీటర్ ఆ లీటరును సుమారు నాలుగు గంటలపాటు మండిస్తుంది. ఒక కారు పట్టే షెడ్డుకు అది చాలు. అయితే పొగ గొట్టం లేని హీటర్ మండేదంతా గదిలోనే, వదిలేదంతా గదిలోకే.

మంట ఎంత గాలి మింగుతుంది?

ఆ ఒక్క లీటరు పూర్తిగా మండాలంటే సుమారు 10 ఘనపు మీటర్ల గాలిలోని ఆక్సిజన్ మొత్తం ఖర్చవుతుంది. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న షెడ్డులో ఉండే గాలి 57 ఘనపు మీటర్ల లోపే. అంటే షట్టర్ గట్టిగా దించి, సందులన్నీ మూసేస్తే నాలుగు గంటల్లో ఆ గదిలోని ఆక్సిజన్‌లో ఆరో వంతుకు పైగా పోతుంది. అంతకుముందే మంట సరిగా మండడం మానేసి విషవాయువును వదలడం మొదలుపెడుతుంది.

ఈ లెక్కకు రెండో వైపు నీరు. లీటరు కిరసనాయిలు మండితే లీటరుకు కొంచెం ఎక్కువే నీరు ఆవిరిగా పుడుతుంది. గది చల్లబడ్డాక ఆ ఆవిరి స్పానర్ల మీద, రేకుల మీద, బండి ట్యాంకు మీద చెమ్మగా దిగుతుంది. హీటర్ వాడే గ్యారేజీల్లో పనిముట్లకు తుప్పు తొందరగా పట్టడానికి ఇదీ ఒక కారణం.

వాసన లేని శత్రువు

గాలి చాలక సగం మండిన నూనె వదిలేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ముందు తలనొప్పి, తరవాత కళ్లు తిరగడం, వికారం, మగత. మెలకువగా ఉన్నవాడికి ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, నిద్రలో ఉన్నవాడికి అది కూడా తెలియదు. బొగ్గుల కుంపటి పొగ రావడం లేదు కదా అని లోపల పెట్టుకుని పడుకోవడం ఇంకా ప్రమాదం. పొగ లేని ఎర్రటి నిప్పులు ఈ వాయువును ధారాళంగా వదులుతాయి.

కోడిపిల్లలు చెప్పే పాఠం

శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ. పక్కనే రాజేంద్రనగర్‌లో 1988 నుంచి కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరట్లో పెంచుకునే వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడినుంచి వచ్చినవే. ఒక షెడ్డును జాగ్రత్తగా ఎలా వేడి చేయాలో ఈ ప్రాంతంలో బాగా తెలిసింది కోళ్ల రైతులకే.

గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తరవాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. నేల మీద వరి పొట్టు పరిచి, చుట్టూ రేకుతో గుండ్రంగా దడి కట్టి, మధ్యలో వేడినిచ్చే బ్రూడర్ పెడతారు. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. అన్నీ బ్రూడర్ కిందే ఒకదాని మీద ఒకటి గుమిగూడితే చలి. నోళ్లు తెరిచి దడి అంచులకు పోతే వేడి ఎక్కువ. దడి నిండా సమంగా విచ్చుకుని, మేత తింటూ తిరుగుతుంటే సరిపోయినట్టు. చలికి భయపడి పరదాలన్నీ కిందా మీదా బిగించేస్తే మంట వదిలే కార్బన్ మోనాక్సైడూ, రెట్ట కలిసిన పొట్టు నుంచి లేచే అమ్మోనియా కలిసి పిల్లల్ని దెబ్బతీస్తాయి. అందుకే తెలిసిన రైతు ఎంత చలి ఉన్నా పరదా పైభాగంలో కొంత సందు వదిలేస్తాడు.

మెకానిక్ షెడ్డులో రెండు నూనెలు

జిడ్డు పట్టిన చైన్లు, బేరింగులు కడగడానికి మన మెకానిక్‌లు కిరసనాయిలు వాడతారు. అదే షెడ్డులో పెట్రోలు కూడా ఉంటుంది, అసలు ప్రమాదం దానితోనే. పెట్రోలు ఆవిరికి మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి నేలకు అంటుకుని షెడ్డు మూలలకు పాకుతుంది. నేల మీద పెట్టిన హీటర్ మంట దానికి ఎదురొచ్చినట్టే. కార్బ్యురేటర్ విప్పిన రోజు, ట్యాంకు కారుతున్న బండి ఉన్న రోజు హీటర్ వెలిగించకూడదు. కిరసనాయిలు హీటర్లో పొరపాటున కొద్దిగా పెట్రోలు కలిసినా మంట అదుపు తప్పుతుంది.

డబ్బా రంగు చెప్పే జాగ్రత్త

అందుకే అమెరికాలో పెట్రోలుకు ఎర్ర డబ్బా, కిరసనాయిలుకు నీలి డబ్బా, డీజిల్‌కు పసుపు డబ్బా అని వేరు చేశారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో గ్యారేజీలో హీటర్ పెట్టుకునేవాళ్లు గంధకం తక్కువగా ఉండే కే-1 రకం నూనె కొనుక్కోవాలి. మసాచుసెట్స్ రాష్ట్రంలో పొగ గొట్టం లేని కిరసనాయిలు హీటర్లను ఇళ్లలో వాడటం నిషేధం. జపాన్‌లో ఇప్పటికీ లక్షలాది ఇళ్లు ఈ హీటర్లతోనే వెచ్చబడతాయి. అక్కడ నూనె అమ్మే కొలత 18 లీటర్ల డబ్బా. మన తాతల కాలంలో కిరసనాయిలు వచ్చిన నాలుగు గ్యాలన్ల రేకు డబ్బా కూడా దాదాపు 18 లీటర్లే. నూనె అయిపోయాక అందులో నీళ్లు మోశారు, బియ్యం పోసుకున్నారు, తులసి మొక్కలు పెంచారు.

మన దగ్గర రంగు డబ్బాకు కాదు, నూనెకే వేశారు. రేషన్ కిరసనాయిలు పక్కదారి పట్టి డీజిల్‌లో కలవకుండా దానికి నీలి రంగు కలిపేవారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల యోజన ఇంటింటికీ గ్యాస్ సిలిండర్ చేర్చాక ఆ నీలి నూనె వంటింట్లోంచి మెల్లగా తప్పుకుంది.

గాజు చిమ్నీ చేసిన మేలు

చిమ్నీ లేని బుడ్డి దీపం తన నూనెలో 7 నుంచి 9 శాతాన్ని మసిగా మార్చి గదిలోకి వదులుతుందని 2012లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. మీద గాజు చిమ్నీ పెడితే గాలి కింది నుంచి పైకి లాగినట్టు వచ్చి మంట తెల్లగా, నిలకడగా మండుతుంది. 1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేసిన ప్రైమస్ స్టవ్వే మన పంపు స్టవ్వుకు మూలం. ముందు బర్నర్‌ను కాచి, పంపు కొట్టి, నాజిల్‌కు పిన్ను పెడితే నూనె ఆవిరై గాలితో కలిసి నీలి మంటగా మండేది. ఆ స్టవ్వులో నీలి మంట అంటే గాలి బాగా అందుతున్నట్టు, పసుపు మంట, మసి అంటే అందనట్టు. వత్తి హీటర్ మంటను కూడా తయారీదారు చెప్పిన ఎత్తులో, మసి లేకుండా చూసుకోవాలి.

ఇంట్లో పిల్లలుంటే

కిరసనాయిలును నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం వల్ల పసిపిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు. అలాంటప్పుడు వాంతి చేయించకూడదు. నూనె మళ్లీ పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. నోరు తుడిచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కిరసనాయిలు మంట మీద నీళ్లు కూడా పోయకూడదు. నూనె నీటి మీద తేలి మంటను పక్కలకు పాకిస్తుంది. ఇసుక గానీ, తడి గోనెసంచి గానీ వేయాలి.

ఈ చలికాలం ఇవి పాటించండి

షెడ్డులో హీటరో, కుంపటో పెట్టుకుంటే షట్టర్ పూర్తిగా దించకండి, ఎదురుగా ఇంకో సందు కూడా తెరిచి ఉంచండి. మంటకు మూడడుగుల దూరంలో గుడ్డ, నూనె, టైరు ఏదీ ఉండకూడదు. మండుతున్న హీటర్లో నూనె పోయకండి. ఆర్పి, చల్లారాక బయటికి తీసుకెళ్లి పోయండి. నిద్రకు ముందు మంట ఆర్పేసి, రెండో దుప్పటి కప్పుకోండి. లోపల ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే అది జలుబు అనుకోకండి. వెంటనే బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చేయండి. రాత్రి కాపలా కాసేవాళ్లు, షెడ్డులోనే పడుకునే కుర్రాళ్లు మీకు తెలిసి ఉంటే ఈ నాలుగు మాటలు వాళ్లకు చెప్పండి. యజమానులైతే వాళ్లకు ఒక మంచి రగ్గు కొనిపెట్టండి.