దంతవైద్యుని ఎడమ ప్రక్కన

తపతీ నది ముఖద్వారానికి ఒక ప్రక్క హజీరా పారిశ్రామిక ప్రాంతం, మరొక ప్రక్క డుమస్. సూరత్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ సముద్రతీరంలో నల్లని ఇసుక, దరియా గణేశుని ఆలయం, వేడి వేడి టమాటా భజియా ప్రసిద్ధాలు. ఆదివారం సాయంత్రం అక్కడ నలుగురు తెలుగువారు కలిస్తే, పరీక్షా ఫలితాల కాలంలో తప్పక వినిపించే ప్రశ్న ఒకటున్నది: "అమ్మాయి పన్నెండవ తరగతి పూర్తిచేసిందండీ. మెడిసిన్ సీటు రాలేదు, బి.డి.ఎస్.కు అంత ఫీజు కట్టలేము. ఇక ఏం చదివించాలంటారు?" దీనికి సమాధానంగా దంతవైద్య సహాయకురాలి శిక్షణ పేరు ఇప్పుడు తరచుగా వినవస్తున్నది. ఫీజు చెల్లించి రసీదు తీసుకొనేముందు ఆ శిక్షణలో ఏమున్నదో, ఏమి లేదో తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరం. మేము వైద్యులము కాము, యంత్రాల మధ్య ఉద్యోగం చేసినవారము. అయితే దంతవైద్యశాలలో సగం సంగతులు యంత్రాలకు సంబంధించినవే కనుక ఈ సాహసానికి పూనుకొన్నాము.

ఈ వృత్తి చరిత్ర 1885లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో మొదలైనదని చెబుతారు. డాక్టర్ ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు తన వైద్యశాలలో ఒక మహిళను సహాయకురాలిగా నియమించారు. ఆ రోజులలో స్త్రీలు తోడు లేకుండా దంతవైద్యుని వద్దకు వెళ్ళేవారు కారు. గదిలో మరొక స్త్రీ ఉండడంతో వారు నిస్సంకోచంగా రాసాగారు. మన ఊళ్ళలో నేటికీ ఆ సౌకర్యం విలువ తగ్గలేదు.

1960ల నుండి రోగిని పడుకోబెట్టి, వైద్యుడు, సహాయకురాలు ఇరువురూ కూర్చుని నాలుగు చేతులతో పనిచేసే పద్ధతి వ్యాపించింది. రోగి ముఖాన్ని గడియారంగా భావించి, నడినెత్తిని 12 అంకె అనుకొందాము. కుడిచేతి వాటం గల వైద్యుడు 7 నుండి 12 వరకు గల భాగంలోను, సహాయకురాలు 2 నుండి 4 వరకు గల భాగంలోను కూర్చుంటారు. 4కు 7కు మధ్య, అనగా రోగి గడ్డం దిగువన, పరికరాలు చేతులు మారుతాయి. రోగి కళ్ళమీదుగా సూదిగాని, మొనగల పనిముట్టుగాని ఎన్నడూ పోరాదు. సహాయకురాలి స్టూలు వైద్యుని స్టూలు కంటె 10 నుండి 15 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ఆమె పైనుండి నోటిలోపలికి చూడగలగాలి. ఉమ్మిని, నీటిని సక్షన్ గొట్టంతో లాగుతూ, వైద్యుడు అడగబోయే పనిముట్టును అడగకముందే అందించగలగాలి. ఈ "అడగకముందే" అన్నది పుస్తకంతో అబ్బేది కాదు. ప్రక్కన కూర్చుని నేర్వవలసిందే.

ఇక యంత్రాల సంగతి. పంటిని తొలిచే ఎయిర్ టర్బైను నిమిషానికి 3 లక్షలు, 4 లక్షల చుట్లు తిరుగుతుంది. ఇది 1957లో డాక్టర్ జాన్ బోర్డెన్ రూపకల్పనతో బజారులోకి వచ్చింది. మన విద్యుత్కేంద్రాలలోని టర్బైన్లు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటేనే బేరింగుల విషయమై మనం నిద్ర మానుకొంటాము! ప్రతి రోగి తరువాత ఈ చిన్న టర్బైనును ఊడదీసి, శుభ్రపరచి, నూనె పట్టించి, ఆవిరిశుద్ధి చేయడం సహాయకురాలి పనే.

ఈ ఆవిరిశుద్ధి గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు. శిక్షణ పొందినవారికి, పొందనివారికి గల తేడా ఇక్కడ బయటపడుతుంది. నీటిలో మరిగిస్తే ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. దానికి కొన్ని సూక్ష్మజీవుల స్పోరులు చావవు. ఆటోక్లేవులో చదరపు అంగుళానికి 15 పౌనుల పీడనం వద్ద ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ స్థితిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి. బాయిలరు చూసినవారికి ఇది తెలిసిన లెక్కే. అయితే ఒక మెలిక ఉన్నది. పాత్రలోని గాలి పూర్తిగా బయటకు పోకుండా మూత బిగిస్తే, పీడనమాపకం 15 పౌనులే చూపుతుంది. కాని ఆ పీడనంలో కొంత భాగం గాలిది, కొంత భాగమే ఆవిరిది కనుక లోపలి ఉష్ణోగ్రత 121 డిగ్రీలకు చేరదు. ముల్లు సరిగానే ఉన్నది, పరికరం మాత్రం శుద్ధి కాలేదు. పొట్లాలను క్రిక్కిరిసి పేర్చినా ఇదే ప్రమాదం. అందుచేత రంగు మారే సూచికలను పొట్లాలలో ఉంచి, నిర్ణీత కాలానికొకసారి స్పోరులున్న గొట్టంతో పరీక్షించి, ఫలితాన్ని పుస్తకంలో వ్రాయాలి. మన ప్లాంటులో లాగ్ బుక్కు లేని షిఫ్టును ఊహించగలమా? అక్కడా అంతే.

సూరత్‌లో నివసించేవారికి శుభ్రత అన్నమాట తేలిక మాట కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో నగరం నుండి లక్షలాది జనం తరలిపోయారు. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు చేపట్టిన పారిశుద్ధ్య కార్యక్రమంతో అదే నగరం దేశంలోని పరిశుభ్ర నగరాల వరుసకు ఎక్కింది. అక్కడ వీధుల్లో జరిగిన పని, ఇక్కడ ఒక చిన్న ట్రేలో ప్రతి అరగంటకూ జరగాలి.

ఎక్స్‌రే విషయంలో డాక్టర్ కెల్స్ కథనే మళ్ళీ చెప్పుకోవాలి. దంతవైద్యంలో ఎక్స్‌రేను తొలినాళ్ళలో ఉపయోగించిన వారిలో ఆయన ఒకరు. ఏళ్ళ తరబడి చేతులకు కిరణాలు సోకి క్యాన్సరు వచ్చి, మొదట వ్రేళ్ళు, పిదప చేయి తొలగించవలసి వచ్చింది. 1928లో మరణించారు. నేడు పరికరాలు ఎంతో సురక్షితమైనవే. అయినా రోగి నోటిలోని ఫిల్మును సహాయకురాలు చేతితో పట్టుకోరాదు. "ఒక్క క్షణం పట్టుకో అమ్మా" అని ఎవరు అడిగినా కాదని చెప్పడం శిక్షణలో భాగం.

పదార్థాలను కలపడం వంటింటి నేర్పు వంటిది. జింకు ఫాస్ఫేటు సిమెంటు కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పొడినంతా ఒక్కసారిగా వేస్తే ఆ వేడికి వెంటనే గడ్డకడుతుంది. కనుక చల్లని గాజుపలకపై కొంచెం కొంచెంగా, వెడల్పుగా పరచి కలపాలి. దంతాల అచ్చు తీసే ఆల్జినేటు సముద్రపు గోధుమరంగు నాచు నుండి వచ్చేదే. నీరు గోరువెచ్చగా ఉంటే త్వరగాను, చల్లగా ఉంటే నెమ్మదిగాను గట్టిపడుతుంది. సూరత్ ఎండాకాలంలో కుళాయినీటితో కలిపిన వారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది.

యంత్రాలు, పదార్థాలు ఎవరైనా నేర్వవచ్చును. మన పిల్లలకు ఇక్కడ ప్రత్యేకంగా ఉపకరించేది మరొకటున్నది, అది భాష. తెలంగాణ జిల్లాల నుండి నేతపనికై వచ్చి లింబాయత్ మొదలైన ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలు సూరత్‌లో వేలసంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతున్నది. ఆ నేతకార్మికుడు పంటినొప్పిని గుజరాతీలో "దుఃఖే ఛే" అనగలడేమో గాని, అంతకుమించి చెప్పలేడు. తెలుగులో అయితే చన్నీళ్ళు తగిలితే "జివ్వుమంటోంది" అంటాడు, రాత్రివేళ "సలుపుతోంది" అంటాడు, నమిలినప్పుడు "పోటు పెడుతోంది" అంటాడు. ఈ మూడూ ఒకటి కావు. మొదటిది పంటి పైపొర అరుగుదలను సూచించవచ్చు. రెండవది లోపలి నరం వాచినదేమోనన్న అనుమానాన్ని కలిగిస్తుంది. మూడవది వేరు చివరనో, పగిలిన పంటిలోనో చూడమంటుంది. నిర్ణయం వైద్యునిదే. కాని ఆ మాటను చెడకుండా వైద్యునికి చేరవేయడం సామాన్యమైన సేవ కాదు.

అలాగే గుట్కా, మావా నమిలే అలవాటు ఇక్కడ ఎక్కువ. దానివల్ల బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు కుదించుకుపోయిన యువకుని మొదట గమనించేది, కుర్చీలో కూర్చోబెట్టే సహాయకురాలే కావచ్చు. మన విశాఖ, శ్రీకాకుళం తీరపు స్త్రీలలో చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొనే అడ్డపొగ అలవాటు అంగిటి క్యాన్సరుకు దారితీస్తుందని వైద్యులు ఎన్నడో గుర్తించారు. చూడగానే చెప్పాలి. దాచరాదు, రోగిని భయపెట్టరాదు.

ఇక పత్రాల విషయం. 1948 నాటి దంతవైద్యుల చట్టం వైద్యులతోపాటు రెండు సహాయక వృత్తులనే పేర్కొన్నది: దంతాలను శుభ్రపరచే డెంటల్ హైజీనిస్టు, కట్టుడు పళ్ళను తయారుచేసే డెంటల్ మెకానిక్కు. ఇవి రెండేళ్ళ కోర్సులు, వీరికి రిజిస్ట్రేషను ఉన్నది. కుర్చీ ప్రక్కన పనిచేసే సహాయకురాలు ఆ చట్టంలో ప్రత్యేక వృత్తిగా లేదు. ఈ చట్టం స్థానంలోకి తేవడానికి 2023లో జాతీయ దంత కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. కనుక "మా సర్టిఫికెట్టుతో సొంతంగా క్లినిక్కు పెట్టవచ్చు" అని ఏ సంస్థవారైనా అంటే, అక్కడినుండి లేచి రావడం మంచిది. పన్ను తీయడం, తొలవడం, మత్తుసూది వేయడం సహాయకురాలు చేయదగినవి కావు. రెండేళ్ళు వెచ్చించగలిగి, సైన్సు చదివిన పిల్లలకు హైజీనిస్టు కోర్సే మేలని మా అభిప్రాయం. త్వరగా సంపాదన అవసరమైన ఇంటికి సహాయకురాలి శిక్షణ తగినదే, పైన చెప్పిన పరిమితులు ఎరిగి చేరితే.

శిక్షణ సంస్థకు వెళ్ళినపుడు రంగుల బ్రోషూరును ప్రక్కనపెట్టి, మూడు సంగతులు అడగండి. రోగి ఉన్న కుర్చీ ప్రక్కన ఎన్ని గంటల అభ్యాసం ఇస్తారు? ఆటోక్లేవు పరీక్షల పుస్తకం చూపగలరా? వాడిన సూది గుచ్చుకొంటే ఏమి చేయాలో గోడమీద వ్రాసి ఉన్నదా? ఈ మూడవదానికి తడుముకొనే చోట మీ పిల్లలను చేర్చకండి.

హెపటైటిస్-బి టీకా మాత్రం చేరడానికి ముందే మొదలుపెట్టాలి. మొదటి సూది తరువాత నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేయించుకోవాలి. తరగతులు జులైలో మొదలయ్యేటట్లయితే మొదటిది జనవరిలోనే పడాలి.